ఆరో నార్మల్ మనిషి

మేడ మీద వాటా,
మంగళవారం మధ్యాహ్నం

సూదమ్మకి,

ఈ పేరు చూడగానే మూతి ముడుస్తావని తెలుసు. చదువుకునే రోజుల్లో ఇంటికొచ్చిన ప్రతిసారీ సూదీ గొట్టాలూ పట్టుకుని "ఒక్క ఐదు మిల్లీలీటర్లు వదినా" అంటూ వెంటపడ్డదానివి, ఇంకే పేరు పెట్టను? ఫోన్ చేయొచ్చు కదా అంటావు. కింద వాటావాళ్ళ ఫోను దగ్గర నిలబడితే నా చెవికన్నా ముందు ఆవిడ చెవి ఉంటుంది. పైగా ఫోన్లో నువ్వు "ఊఁ", "అలాగా", "సరే వదినా" అనే మూడు మాటలతోనే గట్టెక్కేస్తావు. ఉత్తరమైతే నా మాటకి అడ్డం రావు.

మీ అన్నయ్యకి వారం నుంచి చలిజ్వరం. మూడు దుప్పట్లు కప్పి పైన నేను పట్టుకున్నా వణుకు ఆగలేదు. "నా బరువు చాల్లేదా" అంటే, పళ్ళు టకటకలాడుతూనే, "నీ తూకం గురించి నోరెత్తితే నన్ను ఇంట్లో ఉండనిస్తావా" అన్నారు. తూనికలు కొలతల ఇన్స్పెక్టరుని కట్టుకున్నందుకు జ్వరంలో కూడా తప్పదు.

రక్తపరీక్షలో మలేరియా అని తేలింది. మందు పడ్డాక జ్వరం జారింది. మళ్ళీ తిరగబెట్టకుండా పద్నాలుగు రోజులు ఇంకో మాత్ర వేసుకోవాలట. అయితే డాక్టరు, "ఇది కొందరి రక్తానికి పడదండీ. ముందు ఒక పరీక్ష చేయిస్తే మంచిది. పెద్దాసుపత్రికి పంపాలి, నాలుగు రోజులు పడుతుంది" అన్నాడు. నేను ఊరుకుంటానా? "ఈయన చెల్లెలు ఎర్ర రక్తకణాల మీదే డాక్టరేట్ చేసిందండీ. ఈయన రక్తం అణువణువూ పరీక్ష చేసి నార్మల్ అని చెప్పింది" అన్నాను. మీ అన్నయ్య మంచం మీదే ఛాతీ విరుచుకుని, "మా చెల్లెలు చదువు కోసం ఆరుగురు నార్మల్ మనుషుల్ని ఎంచితే ఆరోవాణ్ణి నేనేనండీ" అన్నారు. డాక్టరు నవ్వి, అయితే ఇంకేమిటని చీటీ రాసిచ్చాడు. చూశావా, నీ చదువు మాకు నాలుగు రోజులు మిగిల్చింది. నిన్న సాయంత్రం మొదటి మాత్ర వేశాను.

అమ్మాయికి ఆరో నెల నడుస్తోంది. దాని చిన్నప్పటి గౌన్లు, ఉన్ని టోపీలు ట్రంకుపెట్టెలోంచి తీసి ఆరబెట్టాను. కలరా ఉండల ఘాటు వీధి చివరిదాకా కొడుతోంది. ఇరవై ఏళ్ళుగా ఒక్క పురుగు ముట్టలేదు. పుట్టబోయేవాళ్ళకి అవే తొడుగుతాను.

నీ ఆరోగ్యం జాగ్రత్త. నీకు ముప్పూటలా తినడం కూడా ఎవరో రాసి గోడకి అంటించాలి.

మీ వదిన


ల్యాబు, మూడో అంతస్తు,
శనివారం

వదినా,

నీ ఉత్తరం నిన్న అందింది. అందగానే కింద వాటావాళ్ళకి ఫోన్ చేశాను. ఆ మాత్ర ఆపెయ్యమని చెప్పడానికే. పొద్దున్నే అన్నయ్యని ఆసుపత్రికి తీసుకువెళ్ళారని ఆవిడ చెప్పింది. ఆసుపత్రికి చేస్తే నువ్వు దొరకలేదు, నర్సు దొరికింది. మూత్రం నల్లగా వస్తోందనీ, రక్తం ఎక్కిస్తున్నారనీ ఆమె ద్వారానే తెలిసింది.

మాత్ర ఆపేశారు కదా? మళ్ళీ ఎవరు ఇవ్వబోయినా వద్దను. ఇంకేమీ అడగకు. కొన్ని మందులు కొందరికి పడవు, అంతే.

ఆ కలరా ఉండల బట్టలు పుట్టబోయే బిడ్డకి వాడకు. కారణం తర్వాత రాస్తాను.

రావాలనే ఉంది. ఇక్కడ విద్యార్థుల పరీక్షలు, ఇద్దరి వైవాలు. వీలు చూసుకుని వస్తాను.

నీ
ఆడపడుచు


ఆసుపత్రి వరండా,
బుధవారం

సూదమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు ఫోన్లో మాట్లాడినట్టే ఉంది.

మీ అన్నయ్యకి నాలుగు సీసాల రక్తం ఎక్కించారు. మూత్రపిండాలు మొరాయించాయని రెండుసార్లు మిషను మీద పెట్టారు. నిన్నటి నుంచి కాస్త దారిలో పడ్డాయట. కళ్ళు, ఒళ్ళు పచ్చగా ఉన్నాయి. "ఇంత బంగారం ఎప్పుడైనా ఒంటి మీద చూశావా" అని నన్నే ఆటపట్టిస్తున్నారు. నేను నవ్వి, వరండాలోకొచ్చి ఏడుస్తున్నాను.

నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేని మాట ఒకటుంది. అమ్మాయికి కూడా చెప్పలేదు. పోయిన బుధవారం సాయంత్రమే ఆయన, "ఏమేవ్, పాలు పోయని టీలా వస్తోంది" అన్నారు. మందు రంగు దిగుతోంది, నీళ్ళు తాగండి అన్నాను. గురువారం సాయంత్రం మాత్ర తెస్తే మొహం తిప్పుకున్నారు. "ఇవాళ్టికి వదిలెయ్యవే, ఒంట్లో ఏదో తేడాగా ఉంది" అన్నారు. నేను వినలేదు. చంటిపిల్లాడికి చెప్పినట్టు "నోరు తెరవండి" అని, గ్లాసు పట్టుకుని, మింగేదాకా ఎదురుగా నిలబడ్డాను. ఆయన నన్ను చూసిన చూపు ఇంకా నా కళ్ళ ముందే ఉంది. మర్నాడు పొద్దున లేవలేకపోయారు.

ఇక్కడ ఒక చిన్న డాక్టరమ్మ ఉంది, తెలివైనది. రక్తంలో ఏదో ఎంజైము తక్కువై ఉంటుందని ఆమెకి అనుమానం. ఆసుపత్రిలో చేరిన మూడో రోజు పరీక్షకి పంపింది. ఇవాళ ఫలితం వచ్చింది: నార్మల్. ఇరవై ఏళ్ళ క్రితం నువ్వు చెప్పిందే వీళ్ళూ చెప్పారు. మీ అన్నయ్యకి ఆ నీరసంలోనూ ఎంత గర్వమో! "మా చెల్లెలు ముద్ర వేసిన రక్తమండీ, తేడా ఎలా వస్తుంది" అంటున్నారు.

రక్తంలో తేడా లేకపోతే మరి తప్పు ఎక్కడుంది? పరగడుపున వేశానా? నీళ్ళు చాల్లేదా? వద్దన్న మనిషి నోట్లో వేసిన పాపమా? నువ్వు చదువుకున్నదానివి. నన్ను ఓదార్చకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. నేనే చేశానా?

వదిన


నా గది,
ఆదివారం

వదినా,

నువ్వు చేయలేదు.

ఈ ఒక్క ముక్క రాసి పోస్టు చేస్తే నీ ప్రశ్నకి జవాబు అయిపోతుంది. మూడు కాగితాల మీద అంతే రాశాను. నువ్వు చేయలేదంటే మరెవరు చేశారని నువ్వు అడగకపోయినా ఆ కాగితం అడుగుతుంది. ఇది నాలుగోది.

ముందు ఆ పరీక్ష సంగతి. అది నార్మల్ అని వచ్చినా నమ్మకండి. ఎర్ర రక్తకణం వింత జీవి. ఒకసారి మూలుగలోంచి రక్తంలోకి దిగాక, ఇక తనకి కావలసింది తాను తయారు చేసుకోలేదు. పుట్టినప్పుడు కట్టుకున్న మూటతోనే నూట ఇరవై రోజులు గడపాలి. ఆ మూటలో జీ సిక్స్ పీ డీ అనే ఎంజైము ఉంటుంది. కణం తుప్పు పట్టకుండా కాపాడేది అదే. కొందరిలో అది పుట్టుకతోనే నాసిరకం, తొందరగా అరిగిపోతుంది. మామూలు రోజుల్లో ఏ తేడా తెలియదు. అలాంటివాళ్ళు ఈ మాత్ర వేసుకుంటే ముసలి కణాలన్నీ ఒక్కసారిగా పగిలిపోతాయి. మూత్రంలో ఆ రంగు వాటిదే. ఆ లోటు పూడ్చడానికి మూలుగ హడావుడిగా కొత్త కణాల్ని పంపుతుంది. వాటి మూట ఇంకా నిండుగానే ఉంటుంది. పైగా ఎక్కించిన నాలుగు సీసాలూ ఎవరివో మంచి కణాలు. మూడో రోజున పరీక్ష చేస్తే కనిపించేది ఇవే. చచ్చిపోయినవి సాక్ష్యం చెప్పలేవు కదా. మూడు నెలలాగి మళ్ళీ చేయించమని ఆ డాక్టరమ్మకి చెప్పు. ఆమె అనుమానమే నిజం.

ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, నేను చూశాను కాబట్టి.

ఇరవై ఏళ్ళ క్రితం ఆరు గొట్టాలు కొలిచాను. నీది ఐదోది, నిండుగా ఉంది. అన్నయ్యది ఆరోది. మిగతా అయిదుగురికీ ఎనిమిదికీ పదకొండుకీ మధ్య వస్తే, అన్నయ్యకి ఒకటిన్నర కూడా రాలేదు. మా ప్రొఫెసరు చూసి, "ప్రయాణంలో వేడికి పాడై ఉంటుంది. మళ్ళీ తెప్పించి చెయ్యి" అన్నారు. మళ్ళీ తెప్పించాలంటే వచ్చిపోవడానికి మూడు రోజులు. థీసిస్ ఇవ్వడానికి తొమ్మిది రోజులే ఉన్నాయి. నేను ఆ అంకె కొట్టేసి పక్కన "నమూనా పాడైంది" అని రాశాను. మా ల్యాబు అటెండరు చెయ్యి చాపితే ఆయన రక్తం తీసుకున్నాను. నా థీసిస్‌లో ఆరో నార్మల్ మనిషి ఆయన. అన్నయ్య కాదు.

పాడైందని నమ్మానేమో అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. కానీ అదే గొట్టంలోంచి ఇంకో ఎంజైము కూడా కొలిచాను. అది నిక్షేపంలా ఉంది. పాడైన నమూనాలో ఒక్కటి మాత్రం ఏరుకుని పాడవదు. ఆ సంగతి ఆ రోజే నాకు తెలుసు. రెండు అంకెలూ ఒకే పేజీలో, నా చేతిరాతలోనే పక్కపక్కన ఉన్నాయి.

ఆ తర్వాత అన్నయ్య అడిగాడు. గుర్తుందా, మీ పాత ఇంటి మెట్ల మీద, అమ్మాయిని భుజాన వేసుకుని, "ఏమే, నా తూకం సరిపోయిందా?" అన్నాడు. సరిపోలేదు అన్నయ్యా, మళ్ళీ ఒకసారి రక్తం ఇవ్వు అనాలి. "నార్మల్" అన్నాను. ఎందుకన్నానో ఎంత తవ్వినా పెద్ద కారణమేదీ దొరకడం లేదు. ఆకలేసింది. అలసిపోయాను. అప్పటికి అన్నిటికన్నా పొట్టి మాట అదే.

ఇంకొకటి ఉంది. నీ ఉత్తరం శుక్రవారం అందిందని రాశాను. అబద్ధం. గురువారం పొద్దున పదకొండింటికే చేతికొచ్చింది. చదవగానే సంగతి అర్థమైంది. ఫోను నా బల్ల మీదే ఉంది. నేను మాత్రం స్టోరు గదిలోకి వెళ్ళి పాత నోటుపుస్తకం వెతికాను. మధ్యాహ్నానికి దొరికింది. నిజంగానే పాడై ఉంటుందేమో, అనవసరంగా భయపెడతానేమో, ముందు లెక్క మళ్ళీ వేద్దాం అనుకుంటూ ఆ పేజీ ముందు కూర్చున్నాను. ఏ పనికైనా ముందు అనుమానించడం నా వృత్తి కదా. దాన్నే అడ్డం పెట్టుకున్నాను. మర్నాడు గానీ డయల్ తిప్పలేదు.

కాబట్టి వదినా, నువ్వు గ్లాసు పట్టుకుని మింగించిన ఆ గురువారం మాత్ర నీది కాదు. నాది. నువ్వు దాన్ని చేతికి తీసుకునేసరికి దాన్ని ఆపగలిగిన మనిషి ఏడు గంటలుగా ఇక్కడ కుర్చీలో కూర్చుని ఉంది.

పరీక్షలు, వైవాలు కూడా సాకే. టికెట్టు దొరక్క కాదు. అన్నయ్య నన్ను చూసి ఆసుపత్రిలో అందరికీ గొప్పగా పరిచయం చేస్తాడని భయం.

ఇక అమ్మాయి సంగతి. ఇది తండ్రి నుంచి ప్రతి కూతురికీ వస్తుంది. ఆమెకి సాధారణంగా ఇబ్బంది ఉండదు. మగబిడ్డ పుడితే రావడానికి సగానికి సగం అవకాశం ఉంది. వస్తే పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే కామెర్లు ముదరవచ్చు. కాన్పు చేసే డాక్టరుకి ముందే చెబితే కనిపెట్టుకుని ఉంటారు, అప్పుడు భయం లేదు. కలరా ఉండలు కూడా ఆ మాత్రలాంటివే. ఆ పెట్టెలో బట్టలు బిడ్డ దగ్గరికి రానివ్వకు. అన్నయ్యకి పడని మందుల జాబితా జత చేశాను.

క్షమించమని అడగడం లేదు. అడిగితే అదీ నీ మీద వేసిన ఇంకో పని అవుతుంది.

నీ ఆడపడుచు


మేడ మీద వాటా,
గురువారం

డాక్టరు గారికి,

మీ ఉత్తరం చేరింది. జాబితా ఆసుపత్రిలో ఇచ్చాము. మూడు నెలల తర్వాత పరీక్ష చేస్తారట. కాన్పు చేసే డాక్టరుగారికి చెప్పాము. బట్టలు పారేశాను. ఎందుకో చెప్పకుండా పారేస్తున్నానని అమ్మాయి ఒక ఉన్ని టోపీ లాక్కుని ఏడ్చింది.

నిన్న ఆయన్ని ఇంటికి తెచ్చాము. గోడ పట్టుకుని నడుస్తున్నారు.

మీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించలేదు. చెల్లెలి మాటెత్తితే ఆయన మొహం ఇప్పటికీ విచ్చుకుంటుంది. దాన్ని ఆర్పే పని మీరు నాకు అప్పగించారు. గురువారం మాత్ర నాది కాదని రాశారు. దాని బదులు ఇది ఇచ్చారు.

ఇట్లు,
ఇన్స్పెక్టరు గారి భార్య


నా గది,
సోమవారం

అన్నయ్యా,

వదిన చేత చదివించుకోకు. ఇది నువ్వే చదవాలి.

నీ రక్తం నార్మల్ కాదు. ఇరవై ఏళ్ళ క్రితమే నాకు తెలుసు. నీకు నార్మల్ అని చెప్పాను. ఆ మాట నమ్మే వదిన డాక్టరుతో అంది, ఆ మాట నమ్మే ఆయన పరీక్ష మానేశాడు. వివరాలన్నీ వదినకి రాసిన ఉత్తరంలో ఉన్నాయి, అడిగి తీసుకో. అందులో వదిన తప్పు ఒక్క గింజంత కూడా లేదు. నీకు ఆ మాత్ర వేసినందుకు ఆవిడ తనని తాను తిట్టుకుంటోంది. అది మాన్పించు.

మా శాఖాధిపతికి నోటుపుస్తకం చూపించాను. "ఇరవై ఏళ్ళ నాటిది, థీసిస్ లెక్క మారదు కదా, వదిలేయండి మేడమ్" అన్నారు. లెక్క మారదు, నిజమే. క్లాసులో పిల్లలకి ఆ పేజీ చూపించాను. ఒక అమ్మాయి చెయ్యెత్తి, "ఆ ఆరో మనిషి ఇప్పుడెలా ఉన్నారు మేడమ్?" అంది. 

నా రక్తం కూడా కొలిపించాను, వేరేవాళ్ళ చేత. సగమే ఉంది. అమ్మ దగ్గర్నుంచి నీకు వచ్చింది, నాకూ వచ్చింది. ఇన్నేళ్ళు ఈ ఎంజైము మీద పాఠాలు చెప్పి, నా చెయ్యి మాత్రం ఎప్పుడూ చాపలేదు.

రమ్మంటే వస్తాను. వద్దంటే అది కూడా రాయి.

నీ చెల్లెలు


మేడ మీద వాటా,
మూడు నెలల పదిరోజుల తర్వాత

ఏమని మొదలుపెట్టాలో తెలియక పేరు లేకుండానే మొదలుపెడుతున్నాను.

అమ్మాయికి మగపిల్లాడు. పుట్టిన రెండో రోజుకే పచ్చబడ్డాడు. ముందే చెప్పి ఉంచాం కాబట్టి కామెర్లు తగ్గించే దీపం సిద్ధంగా ఉంది. నీలం వెలుతురు కింద కళ్ళకి గంతలు కట్టుకుని, ఎండకి పడుకున్న పెద్దమనిషిలా మూడు రోజులు కాళ్ళు చాపుకుని పడుకున్నాడు. ఇప్పుడు బాగున్నాడు. వాడికీ ఆ ఎంజైము తక్కువే. కాన్పు చేసిన డాక్టరు, "ముందు చెప్పకపోయి ఉంటే ఇంటికి పంపేసేవాళ్ళం, తర్వాత ఏమయ్యేదో చెప్పలేను" అంది. ఆ మాట విన్నాక నీ మీద కోపం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. చెప్పినందుకు వీడు దక్కాడు, చెప్పనందుకు ఆయన అలా అయ్యారు. ఒకదానికి ఒకటి చెల్లు వేసుకుందామంటే నా మనసు ఒప్పడం లేదు.

మీ అన్నయ్య పరీక్ష మళ్ళీ చేశారు. ఒకటి పాయింట్ నాలుగు. నీ పాత పేజీలో అంకెకి దగ్గరే.

నీ ఉత్తరం ఆయనే రెండు రోజులు మళ్ళీ మళ్ళీ చదువుకున్నారు. మూడో రోజు చొక్కా వేసుకుని, వద్దన్నా వినకుండా ఆఫీసుకి వెళ్ళి, గంటలో తిరిగొచ్చారు. "ఎన్ని దుకాణాల్లో తప్పు తూకం రాళ్ళు పట్టుకున్నానే! నా మీద వేసిన ముద్ర మాత్రం ఎప్పుడూ తిప్పి చూసుకోలేదు" అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. నేను చూడనట్టు నటించాను. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని, "గురువారం నువ్వు వేయకపోయినా నేనే వేసుకునేవాణ్ణి. ఎంత నార్మల్ మనిషిని!" అన్నారు. ఆ రోజు నుంచి నాకు నిద్ర పడుతోంది.

ఈ కవరులో ఆసుపత్రివాళ్ళ కార్డు ఉంది. ఇక ఆయన ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా జేబులో పెట్టుకెళ్ళాలట. అందులో "లోపం మొదట కనుగొన్న తేదీ" అని ఒక గడి ఉంది. డాక్టరమ్మ ఈ నెల తేదీ వేయబోతే ఆయన ఆపారు. "అది తప్పు తేదీ అమ్మా. సరైనది మా చెల్లెలి దగ్గరుంది" అన్నారు. కార్డు నీకు పంపమన్నారు.

ఆయన మాటలు ఆయన చెప్పినట్టే రాస్తున్నాను: "తప్పు రాయి దొరికితే మేం పారెయ్యం. పాత ముద్ర చెరిపి, పట్టుకున్న తేదీ వేసి, దుకాణదారు చేత సంతకం పెట్టిస్తాం. మా చెల్లెలి చేతా అలాగే పెట్టించు. సంతకం పెట్టాక దుకాణం తెరుచుకోవచ్చని చెప్పు."

ఇది ఆయన మాట. నా మాట వేరు. నాకింకా టైము పడుతుంది. పాత పేరు కలం దాకా వస్తోంది, కాగితం మీద పడడం లేదు.

కార్డు తపాలాలో పంపకు. చేత్తో తెచ్చి ఇవ్వు. పిల్లాడికి నెలనెలా రక్తం చూడాలట. ఆ నర్సు పొడుస్తుంటే మడమ పట్టుకోవడం మా ఎవరివల్లా కావడం లేదు.

వదిన


ల్యాబు, మూడో అంతస్తు,
శుక్రవారం

వదినా,

ఆదివారం పొద్దున బండికి వస్తున్నాను. కార్డు నా సంచీలో ఉంటుంది. దారిలో నా ధైర్యం జారిపోతే అందులో ఏముందో ముందే మీకు తెలిసి ఉండాలని, నింపిన మూడు గడులూ ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

లోపం మొదట కనుగొన్న తేదీ: ఇరవై ఏళ్ళ కిందటి జూన్ పద్దెనిమిది, సాయంత్రం నాలుగున్నర.

కనుగొన్నవారు: రోగి చెల్లెలు.

రోగికి తెలియజేసిన తేదీ: ఈ గడి కార్డులో లేదు. అడుగున నేనే గీశాను. అన్నయ్యకి ఉత్తరం రాసిన ఈ ఏడాది తేదీ వేసి, కింద సంతకం పెట్టాను.